నీటి పటం, నివాస పటం: విజయవాడ గృహనిర్మాణ చరిత్రలో బుడమేరు ముంపు భూములు (1855–2024)

వ్యాస సంగ్రహం

కృష్ణా ఆనకట్ట పూర్తయిన 1855 నుంచి బుడమేరు వరద విజయవాడను ముంచిన 2024 వరకు జరిగిన నగర విస్తరణను, అందులో పేదల నివాసాలకు దక్కిన చోటును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నగర సమస్యను జనాభా పెరుగుదల సమస్యగా చూడటం మన ప్రణాళికా రచనలో ఆనవాయితీ. విజయవాడ విషయంలో అసలు చిక్కు జనసంఖ్యలో కంటే జనానికి కేటాయించిన నేలలో ఉందనీ, నీటిపారుదల శాఖ పటానికీ పట్టణ ప్రణాళిక పటానికీ పొంతన కుదరకపోవడమే దానికి మూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విజయవాడ, కృష్ణా డెల్టా, బుడమేరు, పట్టణ ప్రణాళిక, గృహనిర్మాణం, ముంపు మైదానం, జనాభా.

1. ఉపోద్ఘాతం

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన భారీ వర్షాలకు విజయవాడ నగరంలో గణనీయమైన భాగం నీట మునిగింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, జక్కంపూడి వంటి ప్రాంతాల ప్రజలు రోజుల తరబడి నీటి మధ్య ఉండిపోయారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. అయితే నగర ఉత్తర భాగాన్ని ముంచింది కృష్ణానది కాదు. మైలవరం వైపు కొండల నుంచి దిగివచ్చి, నగరాన్ని ఒరుసుకుంటూ కొల్లేరు వైపు సాగే బుడమేరు అనే వాగు.

ఈ వరద చర్చ ఎక్కువగా రెండు అంశాల చుట్టూ తిరిగింది. ఒకటి అసాధారణ వర్షపాతం, రెండవది వాగు గర్భంలో జరిగిన ఆక్రమణలు. రెండూ వాస్తవాలే. అయితే మునిగిన ప్రాంతాల జాబితాను గమనిస్తే మరో వాస్తవం కనిపిస్తుంది. వాంబే కాలనీ ఆక్రమణ కాదు. జక్కంపూడి కాలనీ ఆక్రమణ కాదు. అవి ప్రభుత్వమే స్థలం ఎంచి, నిధులు మంజూరు చేసి, లబ్ధిదారులను గుర్తించి నిర్మించిన కాలనీలు. ప్రణాళిక లేకపోవడం వల్ల కొందరు మునిగారు. ప్రణాళిక ప్రకారం ఇల్లు పొందిన మరికొందరు కూడా మునిగారు. ఈ రెండవ విషయానికి కారణాలను చరిత్రలో వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆనకట్ట – నేల విలువ

1832–33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. కృష్ణ నీటిని పొలాలకు మళ్లించాలన్న ఆలోచనకు ఆ కరువు మిగిల్చిన భయం బలం చేకూర్చింది. గోదావరి ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడింది. దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమైంది. నేడు దాని కింద 12 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది.

ఆనకట్ట చరిత్రను వ్యవసాయ చరిత్రగా చాలామంది రాశారు. దాన్ని నివాస చరిత్రగా కూడా చదవవలసి ఉంది. డెల్టా నిర్మాణ సూత్రం సరళమైనది. సాగునీటి కాలువ మిట్ట మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. ఆనకట్ట ఎడమ వైపు నుంచి బయలుదేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు బెజవాడ ఊరి మధ్య నుంచే పోతాయి. కాలువ నీరు పారే భూమికి విలువ పెరిగింది. రెండు పంటలు పండే మాగాణిని ఇళ్ల స్థలాలకు విడిచిపెట్టడం రైతుకు నష్టం, కొనడం ప్రభుత్వానికి భారం. ఫలితంగా ఊరి చుట్టూ కొనుగోలుకు అందని మాగాణి ఒక వలయంగా ఏర్పడింది. ఆ వలయం లోపల ఎవరూ కోరని నేల నాలుగు రకాలుగా మిగిలింది: కొండవాలు, కాలువ గట్టు, ఏటి ఒడ్డు లంక, బుడమేరు పల్లం.

విజయవాడ పేదల నివాస పటం గీస్తే ఈ నాలుగు చోట్లే కనిపిస్తాయి. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద ఇళ్లు. మూడు కాలువల గట్ల మీద గుడిసెలు. కృష్ణలంక, రాణీగారితోట వంటి ఏటి ఒడ్డు బస్తీలు. ఉత్తరాన బుడమేరు పల్లపు కాలనీలు. వీటిలో మొదటి మూడింటిలో జనం చాలావరకు తమంత తాముగా చేరారు. నాలుగవ దానికి మాత్రం ప్రభుత్వ ప్రణాళికే దారి చూపింది.

3. రైలు కూడలి నుంచి నగరం

బెజవాడ 1888లో పురపాలక సంఘమైంది. అదే కాలంలో రైలు మార్గాలు వచ్చి చేరాయి. నిజాం రాజ్యం వైపు నుంచి 1889లో వచ్చిన మార్గం, 1893లో కృష్ణ మీద పూర్తయిన రైలు వంతెన, ఆ దశాబ్దం చివరికి మద్రాసుతో ఏర్పడిన అనుసంధానం బెజవాడను దక్షిణాదిలో ప్రధాన కూడలిగా మార్చాయి. 1864 తుపానులో 30 వేల మందిని కోల్పోయి, రేవు వ్యాపారంలో వెనుకబడిన బందరు ప్రాభవం క్రమంగా బెజవాడకు తరలింది.

జనాభా లెక్కలు ఈ మార్పును చూపుతాయి. 1901లో 24 వేలున్న జనాభా 1941 నాటికి 86 వేలకు, 1951 నాటికి 1.61 లక్షలకు చేరింది. అంటే ఒక్క దశాబ్దంలో 87 శాతం వృద్ధి. 2001లో అది 8.51 లక్షలు, 2011లో 10 లక్షలు దాటింది. అయితే ఈ అంకెలను వృద్ధిరేటుగా మాత్రమే చదవడం సరికాదు. 1981లో నగరపాలక సంస్థగా మారిన విజయవాడలో 1985లో గుణదల, పటమట, భవానీపురం పంచాయతీలతో పాటు పాయకాపురం, కుందావారి కండ్రిక గ్రామాలు కలిశాయి. 1991 జనాభా లెక్కల్లో కనిపించే పెరుగుదలలో కొంత సరిహద్దుల పెరుగుదల ఉంది. పాయకాపురం, కండ్రిక బుడమేరు పరిసర గ్రామాలు కావడం ఇక్కడ గమనార్హం. ఆ విలీనంతో ఒక ముంపు మైదానం పురపాలక భూమి అయింది. అప్పటివరకు పొలంగా ఉండి వరద నీటిని కొన్నాళ్లు నిలుపుకొని వదిలే నేల, ఇళ్ల స్థలాల లెక్కలోకి వచ్చింది.

4. రెండు శాఖలు, రెండు పటాలు

నదులూ కట్టల వ్యవహారాలకు సంబంధించి మద్రాసు ప్రభుత్వం 1884లోనే నదుల సంరక్షణ చట్టం చేసింది. పట్టణ ప్రణాళిక చట్టం 1920లో వచ్చింది. మొదటిది ఇంజనీరు చేతిలో, రెండవది పురపాలక సంఘం చేతిలో నడిచాయి. నీటిని మళ్లించడం ఒకరి పని, వీధులు వేయడం మరొకరి పని. ఈ విభజన స్వాతంత్ర్యం తరువాత కూడా చెక్కుచెదరలేదు.

జాతీయ స్థాయిలోనూ పరిస్థితి ఇంతే. 1952లో పారిశ్రామిక కార్మికుల గృహనిర్మాణ పథకం, 1956లో మురికివాడల నిర్మూలన పథకం, 1972లో మురికివాడల పర్యావరణ అభివృద్ధి పథకం, 1979లో చిన్న, మధ్యతరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకం వచ్చాయి. వరద నియంత్రణకు 1954 నుంచి వేరే జాతీయ కార్యక్రమం నడిచింది. ఒకటి ఇళ్ల సంఖ్యను లెక్కించింది, మరొకటి కట్టల పొడవును లెక్కించింది. ఏ ఇల్లు ఏ కట్టకు దిగువన ఉందో లెక్కించే బాధ్యత ఏ పథకానికీ లేకపోయింది.

ఈ చరిత్రలో 1975 ఒక ముఖ్యమైన మలుపు. ఆ సంవత్సరం రెండు పత్రాలు రూపొందాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం. దాని ప్రకారం 1978లో విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. బృహత్ ప్రణాళికలు, భూవినియోగ మండలాలు, లేఅవుట్ల అనుమతులు దాని పరిధిలోకి వచ్చాయి. రెండవది కేంద్ర జల సంఘం రాష్ట్రాలకు పంపిన ముంపు మైదానాల మండలీకరణ నమూనా బిల్లు. వరద తరచుగా వచ్చే నేలను, అరుదుగా వచ్చే నేలను వేరుచేసి పటం గీయాలనీ, ఆ పటాన్నిబట్టి నిర్మాణాలను నియంత్రించాలనీ దాని సారాంశం. మణిపూర్, రాజస్థాన్ వంటి కొద్ది రాష్ట్రాలు తప్ప మిగిలినవి దాన్ని చట్టం చేయలేదు. ఆంధ్రప్రదేశ్ కూడా చేయలేదు.

మొదటి పత్రం చట్టమై సంస్థగా మారింది. రెండవది నమూనాగానే మిగిలింది. ఈ రెండూ కలిసి ఉంటే పాయకాపురం 1985లో నగరంలో కలిసినప్పుడు అక్కడ ఏ ఎత్తున ఇల్లు కట్టాలి, ఏ నేలను ఖాళీగా ఉంచాలి అన్న ప్రశ్న చట్టబద్ధంగా ఎదురయ్యేది. ఆ ప్రశ్న ఎదురుకాకపోవడం ఏ ఒక్క అధికారి అలసత్వమో కాదు. దాన్ని అడిగే పీఠమే ఏర్పడలేదు.

5. పక్కా ఇల్లు, పల్లపు నేల

కృష్ణా డెల్టాలో పక్కా ఇంటి కోరికకు బలమైన నేపథ్యం ఉంది. 1977 నవంబర్ 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. తాటాకు పాక ప్రాణం కాపాడలేదన్న పాఠాన్ని డెల్టా ఆ రోజు నేర్చుకుంది. తుపాను రక్షణ భవనాలు, కాంక్రీటు కప్పుతో ఇళ్లు ఆ తరువాతి పునరావాసంలో భాగమయ్యాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత బలహీన వర్గాల పక్కా ఇళ్ల కార్యక్రమం రాష్ట్ర రాజకీయాల్లో ప్రధానాంశమైంది. పేద కుటుంబానికి కాంక్రీటు కప్పు, పట్టా కాగితం అందించిన ఈ విధానాన్ని తక్కువ చేసి చూడటం చరిత్రకు న్యాయం కాదు.

నగరంలో ఈ విధానం మరో రూపం తీసుకుంది. 1990లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో విజయవాడ మురికివాడల అభివృద్ధి కార్యక్రమం నడిచింది. జనాన్ని ఉన్నచోటనే ఉంచి దారి, దీపం, నీరు, మురుగు వసతి కల్పించడం దాని పద్ధతి. 2001లో ఆరంభమైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన, 2005 డిసెంబర్ 3న ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం దృష్టిని కొత్త కాలనీల వైపు మళ్లించాయి. మొదటి పథకం పేరు పొట్టి రూపమే నేటి వాంబే కాలనీ. కాలువ గట్ల మీద, ఇతర మురికివాడల్లో ఉన్న కుటుంబాలకు సింగ్ నగర్ పరిసరాల్లోనూ జక్కంపూడిలోనూ ఇళ్లు కేటాయించారు.

ఈ ఎంపిక వెనుక ఉన్న లెక్క అర్థం చేసుకోదగినదే. కేంద్ర పథకం ఇంటి నిర్మాణానికి డబ్బిచ్చింది, స్థలం సమకూర్చుకోవలసిన భారం స్థానిక సంస్థ మీద పడింది. నగర విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన నది, మధ్యలో కాలువలు, కొండలు. తూర్పున మాగాణి ధర ఆకాశాన్ని అంటింది. గడువులోగా ఇళ్లు పూర్తి చేయాలంటే దొరికే నేలనే తీసుకోవాలి. దొరికే నేల ఉత్తర పల్లమే. ఆనకట్ట కాలంలో మొదలైన నేల విలువల తారతమ్యం, నూటయాభై ఏళ్ల తరువాత జాతీయ పథకం అమలులో ఇలా పైకి తేలింది. నీరు పల్లమెరుగు అంటారు. ఇక్కడ పథకం కూడా పల్లమే ఎరిగింది.

ప్రైవేటు లేఅవుట్లు ప్రభుత్వ కాలనీలను అనుసరించాయి. రోడ్డు, వంతెన, బస్సు వచ్చిన చోట నేల ధర పెరుగుతుంది. అనుమతి లేని లేఅవుట్లను, భవనాలను క్రమబద్ధీకరించే పథకాలు 2007లో వచ్చాయి. వాటిలో అపరాధ రుసుం ప్రధానాంశం. దస్త్రం సక్రమమైనంత మాత్రాన నేల ఎత్తు పెరగదు.

6. 2024: పటాలు కలిసిన చోటు

బుడమేరు నీటిని వెలగలేరు వద్ద అడ్డగించి, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలపడం పాత ఏర్పాటు. పాత వాగు దిగువన నగరం పక్కగా సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగు నుంచి దాటి కొల్లేరు చేరుతుంది. ఈ ఏర్పాటులో రెండు బలహీనతలు ఉన్నాయి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు నదిలోకి సులువుగా దిగదు. కొల్లేరు నిండినప్పుడు పాత వాగు నీరు కదలదు. కొల్లేటిలో చేపల చెరువుల కట్టలు పెరిగి ప్రవాహానికి అడ్డుపడిన సంగతి, 2005–06లో వాటిని తొలగించే కార్యక్రమం జరిగిన సంగతి తెలిసినవే. అంటే సింగ్ నగర్ ఇంటి గడప భద్రత ఒకవైపు వెలగలేరు తలుపుల మీద, మరోవైపు ఉప్పుటేరు దారి మీద ఆధారపడి ఉంది. ఆ రెండూ నగరపాలక సంస్థ పరిధిలో లేవు.

2024లో కృష్ణ, బుడమేరు ఒకేసారి పొంగాయి. మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి నీరు నగరం మీదికి తిరిగింది. సైన్యం సహాయంతో సెప్టెంబర్ 7 నాటికి గండ్లు పూడ్చారు. అదే వర్షాలకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. కృష్ణ ఒడ్డున దశలవారీగా నిర్మించిన రక్షణ గోడ కృష్ణలంకను చాలావరకు కాపాడింది. ఈ మూడు ఘటనలను పక్కపక్కన ఉంచి చూడాలి. పై రెండవ విభాగంలో పేర్కొన్న నాలుగు రకాల నేలల్లో ఏటి ఒడ్డుకు గోడ అనే రక్షణ దొరికింది. కొండవాలుకూ బుడమేరు పల్లానికీ దొరకలేదు. నివాసం ఎక్కడున్నా రక్షణ సాధ్యమేనని కృష్ణలంక చూపితే, రక్షణ ఆలోచన లేకుండా నివాసం ఇవ్వడం ఎంత ప్రమాదమో వాంబే కాలనీ చూపింది.

7. రాజధాని ప్రణాళిక: ఒక పోలిక

రాష్ట్ర విభజన తరువాత శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో సారవంతమైన విజయవాడ–గుంటూరు ప్రాంతంలో రాజధానిని కేంద్రీకరించడం పట్ల అభ్యంతరం వ్యక్తం చేసింది. ప్రభుత్వం వేరే నిర్ణయం తీసుకుంది. 2014 చివర రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం వచ్చి, పాత పట్టణాభివృద్ధి సంస్థ స్థానాన్ని కొత్త సంస్థ ఆక్రమించింది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరంలో కొండవీటి వాగు ముంపు మొదటి నుంచీ చర్చనీయాంశమైంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబర్ తీర్పులో ముంపు, పర్యావరణ అంశాలపై షరతులు విధించింది. 2018లో ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కుల సామర్థ్యంతో ఎత్తిపోతల కేంద్రం ప్రారంభమైంది.

ఈ పరిష్కారం చాలునా లేదా అన్నది ఇంజనీర్ల చర్చ. చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనది వేరు. నదికి ఆవల ఒక వాగు ముంపు ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లి, ప్రణాళికలో భాగమై, నిర్మాణంగా మారింది. నదికి ఈవల, అదే సంస్థ పరిధిలోనే ఉన్న మరో వాగు ముంపు ప్రశ్న అంతటి శ్రద్ధ పొందలేదు. కొత్త నగరానికి నీటి పటం అవసరమని గుర్తించినవారు పాత నగరానికీ అది అవసరమేనని గుర్తించడానికి మరో వరద కావలసి వచ్చింది.

8. జనాభా ప్రశ్న

ఈ సందర్భంలో జనాభా చర్చను పునఃపరిశీలించాలి. ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 2001లో 41.88 లక్షలు, 2011లో 45.17 లక్షలు. దశాబ్ద వృద్ధి 7.87 శాతం మాత్రమే. అదే కాలంలో జిల్లా పట్టణ జనాభా వాటా 32 శాతం నుంచి దాదాపు 41 శాతానికి పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7. ఇది ప్రతిస్థాపన స్థాయి అయిన 2.1 కంటే తక్కువ. అంటే డెల్టాలో జనం వేగంగా పెరగడం లేదు, వేగంగా స్థలం మారుతున్నారు.

స్థానిక ఎన్నికల అభ్యర్థులకు 1990ల నుంచి అమలులో ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబర్‌లో తొలగించింది. ఒకప్పుడు జనాభా ఎక్కువవుతుందన్న భయం, ఇప్పుడు తగ్గుతుందన్న భయం. రెండు సందర్భాల్లోనూ చర్చ సంఖ్య మీదే సాగింది. బుడమేరు నీరు తీసిన రెండు నెలలకు జరిగిన ఈ చర్చలో, పుట్టబోయే బిడ్డల ఇల్లు ఏ నేల మీద ఉంటుందన్న ప్రశ్నకు చోటు దక్కలేదు. సుస్థిర జనాభా వృద్ధి అన్న మాటకు డెల్టాలో అర్థం సంఖ్యను తగ్గించడమో పెంచడమో కాదు. ఉన్న జనానికి నిలదొక్కుకునే నేల చూపడం.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు మూడు. మొదటిది, విజయవాడలో పేదల నివాసాలు ముంపు, కొండచరియల ప్రాంతాలకు చేరడం యాదృచ్ఛికం కాదు; ఆనకట్ట సృష్టించిన భూమి విలువల క్రమమే ఆ దారి చూపింది. రెండవది, నీటికీ నివాసానికీ వేర్వేరు చట్టాలు, శాఖలు ఏర్పడటంతో ముంపు ప్రశ్న అడిగే అధికార పీఠం లేకపోయింది. 1975 నాటి రెండు పత్రాల భిన్న గమనం దీనికి నిదర్శనం. మూడవది, జాతీయ గృహనిర్మాణ పథకాలు ఇంటికి నిధులిచ్చి స్థలాన్ని స్థానిక సంస్థకు వదిలినప్పుడల్లా చవకైన నేల ఎంపికయింది. డెల్టాలో చవకైన నేల అంటే నీటి దారిలో ఉన్న నేల.

2024 వరద తరువాత ప్రభుత్వం బుడమేరు ఆక్రమణల తొలగింపు కార్యక్రమం ప్రకటించింది. 1993, 1995 వరదల తరువాత నెదర్లాండ్స్ దేశం కట్టలు ఎత్తు చేయడంతో సరిపెట్టుకోకుండా నదికి చోటు విడిచే కార్యక్రమం చేపట్టింది. కొన్ని కుటుంబాలను వారితో సంప్రదించి వేరేచోటికి తరలించింది. ఆ అనుభవాన్ని ఇక్కడ యథాతథంగా అనుకరించలేం. అయినా ఒక తేడాను గుర్తుంచుకోవచ్చు. వాగు గర్భాన్ని కబళించిన భవనానికీ, ప్రభుత్వం ఇచ్చిన పట్టాతో వచ్చి చేరిన కుటుంబానికీ ఒకే పేరు పెట్టరాదు. రెండవవారికి వర్తించవలసిన మాట ఆక్రమణ కాదు, హామీ. కాలువ గట్టు మీది నుంచి ఒకసారి లేచి వచ్చిన కుటుంబాన్ని మళ్లీ లేపవలసి వస్తే, ఈసారి చూపే స్థలం ఎత్తు ఎంత, దాని నీరు ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకు పట్టా ఇవ్వకముందే సమాధానం ఉండాలి. గృహనిర్మాణ దస్త్రంలో వెలగలేరు నియంత్రకం, కొల్లేరు నీటిమట్టం ప్రస్తావనకు వచ్చిన నాడు విజయవాడ ప్రణాళికా చరిత్రలో కొత్త అధ్యాయం మొదలవుతుంది.